పాచికలతో లోకసృష్టి

తృతీయ బి.యస్సీ. (గణిత, భౌతిక, రసాయన శాస్త్రములు) విద్యార్థి

పాచికలు అనగానే మనవారికి శకుని, ఆ వెనుకే ధర్మరాజు గుర్తుకు వస్తారు. ఆ కథలో పాచికల వల్ల రాజ్యం పోయింది. ఈ చిరువ్యాసంలో నేను చెప్పబోయేది దానికి ఎదురు సంగతి. పాచికలు వేసి ఊళ్లను, రాజ్యాలను, ఒక్కొక్కసారి గ్రహాలనే పుట్టించే పద్ధతి ఇది. జూదం కాదు, డబ్బు ప్రసక్తి అసలే లేదు. ఆదివారం రాత్రి మా హాస్టలు గది ముందు ఆగి "ఏమిటోయ్, పందాలా?" అని అడిగే పెద్దలకు కూడా ఇదే నా సమాధానం.

ఈ ఆటలు పుట్టింది అమెరికాలో. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరి పేర్లతో "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే ఆట వెలువడింది. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు తప్ప మిగతావారు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకడు కత్తి పట్టిన వీరుడు, ఒకడు మంత్రగాడు, ఇంకొకడు పూజారి. మిగిలిన ఆ ఒక్కరిని మనం సూత్రధారి అందాం. వేషాలు, రంగస్థలం ఏమీ లేవు, అంతా నోటిమాటే. "మీ ముందు ఒక గుహ ఉంది" అని సూత్రధారి అంటాడు. "దివిటీ వెలిగించి లోపలికి పోతాం" అని వీళ్లంటారు. అలా అంటే ఫరవాలేదు. కాని నూటికి తొంభైసార్లు "గుహ సంగతి తర్వాత, ఆ కొండ అవతల ఏముంది?" అంటారు. కొండ అవతల సంగతి పాపం సూత్రధారి ఆలోచించి ఉండడు. ఆ క్షణంలో ఆదుకునేదే పట్టిక.

పట్టిక అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. కాగితం మీద 1 నుంచి 6 దాకా అంకెలు వేసి, ఒక్కొక్క అంకె ఎదురుగా ఒక్కొక్క సంగతి రాసుకోవడం, పాచిక ఏది చూపితే అది జరిగినట్టు. ఇక్కడే మన గణితం పనికొస్తుంది. ఒక్క పాచిక వేస్తే ఆరు అంకెలకూ సమాన అవకాశం. రెండు వేసి కూడితే సంగతి మారుతుంది. మొత్తం 36 విధాలుగా పడవచ్చు. అందులో 7 వచ్చేవి 6 విధాలు, 2 గాని 12 గాని వచ్చేది ఒక్కొక్క విధమే. కనుక రోజూ జరిగేదాన్ని 7 ఎదురుగా, అరుదైనదాన్ని అంచుల్లో రాయాలి. ఆ పాత ఆటలో దారిలో ఎదురైనవాళ్లు మనతో ఎలా ప్రవర్తిస్తారో తేల్చేది రెండు పాచికల పట్టికే. చూసీ చూడగానే మీద పడటం ఒక చివర, స్నేహంగా చెయ్యి కలపడం ఇంకొక చివర, తటపటాయింపు మధ్యలో. కొత్త మనుషుల మధ్య జరిగేది కూడా ఇంచుమించు ఇదే కదా.

1979లో గైగాక్స్ రాసిన "డంజన్ మాస్టర్స్ గైడ్" అనుబంధాల్లో ఇటువంటి పట్టికలు కుప్పలుగా ఉన్నాయి. వాటిలో అడవులు, కొండలు పుట్టించే పట్టిక నాకు ముచ్చటేసింది. ఇప్పుడు నిలబడ్డ నేల మైదానమైతే పక్క నేలకు ఒక లెక్క, అడవి అయితే మరొక లెక్క. అంటే రాబోయేది ఇప్పుడున్నదాని మీద ఆధారపడుతుంది. మా ప్రాబబిలిటీ క్లాసులో మార్కోవ్ శృంఖల అని నల్లబల్ల మీద మాత్రికలు వేసి చెప్పేది అచ్చంగా ఇదే. ఇలా గొలుసు కట్టకపోతే ఎడారి నడుమ బురదనేల, దాని పక్కన మంచుకొండ పుట్టుకొస్తాయి.

గొలుసు కట్టడంలో ఇంకా ముందుకు పోయింది 1977లో మార్క్ మిల్లర్ రూపొందించిన "ట్రావెలర్" అనే ఆట. అందులో గ్రహాలకు గ్రహాలే పాచికల మీద పుడతాయి. గ్రహ పరిమాణం కోసం రెండు పాచికలు వేసి 2 తీసేయాలి. వాతావరణానికి మళ్లీ రెండు వేసి, 7 తీసి, ఇందాకటి పరిమాణాన్ని కలపాలి. 7 ఎందుకు తీయాలి? రెండు పాచికల సగటు 7 కనుక. అది తీసేస్తే సగటున మిగిలేది సున్న, అంటే వాతావరణం పరిమాణాన్ని అంటిపెట్టుకుని అటూ ఇటూ ఊగుతుంది. చిన్న గ్రహానికి గురుత్వాకర్షణ తక్కువ, గాలిని పట్టి ఉంచలేదు అన్న భౌతికశాస్త్రం ఒక్క తీసివేతలో ఇమిడిపోయింది! ప్రభుత్వం జనాభాను బట్టి, చట్టం ప్రభుత్వాన్ని బట్టి ఇదే తీరులో వస్తాయి.

ఒకసారి వేసి చూద్దాం. పరిమాణానికి 8 పడింది, 2 తీస్తే 6. అంటే 6,000 మైళ్ల వ్యాసం. వాతావరణానికి 7 పడింది, లెక్క కడితే 6, మనం పీల్చుకోగల గాలి. నీటికి 8 పడితే 7, అంటే నూటికి 70 వంతులు నీరు. జనాభాకు 8 పడి 2 పోగా 6. ఇది పదికి ఘాతాంకం, అంటే పది లక్షల పైన, కోటి లోపల. ప్రభుత్వానికి 4 పడింది, 7 తీసి 6 కలిపితే 3. ఈ 3కి అర్థం, కొద్దిమంది తమవాళ్లనే ఎన్నుకుంటూ అధికారం చేతులు దాటకుండా చూసుకోవడం.

ఇక ఆ పుస్తకంలో ఒక నియమం ఉంది. వాతావరణం 4 నుంచి 9, నీరు 4 నుంచి 8, జనాభా 5 నుంచి 7 ఉంటే అది వ్యవసాయ గ్రహం. మన గ్రహం సరిగ్గా అందులో పడింది. జనాభా 5 అంటే లక్ష, 7 అంటే కోటి, మన లెక్కకు ఎంత చక్కగా కుదిరిందో చూడండి. అటువంటి గ్రహంలో ధాన్యం చవక. ఆటగాళ్లు ఓడ వేసుకుని వస్తారు, చవకగా కొంటారు, ఇంకోచోట ఎక్కువకు అమ్ముతారు. ఆట బ్రహ్మాండంగా సాగుతుంది.

నాకు మాత్రం ఇక్కడ ముల్లు గుచ్చుకుంది. మాది వ్యవసాయ కుటుంబం. మా ఇంట పండిన మిరపకాయలకు ధర చెప్పేది మేము కాదు, కొనడానికి వచ్చినవాడే చెబుతాడు. మా నాన్న ఈ ఆటకు కూర్చుంటే ఆయనకు ఏ పాత్ర ఇవ్వాలి? ఓడ ఆయనది కాదు. ఆయన ఆ గ్రహం మీద, "చవక" అన్న మాట అడుగున ఉన్నాడు. పాచికలకు పక్షపాతం లేదంటారు, నిజమే. కాని ఏ వరుసలు ఉండాలో, ఏవి అక్కర్లేదో పాచిక చెప్పదు, పట్టిక రాసిన చెయ్యి చెబుతుంది. రాసినవాడు వర్తకుడి కళ్లతో చూస్తే లోకమంతా సరుకుగానే పుడుతుంది.

అందుకని మా ఆటకు నేనే కొన్ని పట్టికలు రాసుకున్నాను. ఊరు పుట్టించాలంటే చాలామంది సత్రం, కోట, గుడి దగ్గర మొదలుపెడతారు. నేను నీటి దగ్గర మొదలుపెట్టాను. ఒక పాచిక: 1 పడితే సొంత చెరువు, 2 వాగు మీద కట్ట, 3 మోటబావులు, 4 ఊటకాలువ, 5 వాన తప్ప దిక్కులేదు, 6 పై ఊరి చెరువు నుంచి రావాలి. తరువాత రెండు పాచికలు: తూము ఎవరి చేతిలో ఉంది? 7 ఎదురుగా వంతుల ప్రకారం నీళ్లు వదిలే నీరటి. 2 ఎదురుగా తూము పాడుబడింది, తీసేవాడు లేడు. 12 ఎదురుగా, కథ కోసమని, "తూము తీసేది మనిషి కాదు" అని రాశాను. మూడో పట్టిక పంటలది.

మొన్న ఆ ఊరు పుట్టించినప్పుడు మొదట 6 పడింది. తరువాత 12! ఈ రెండూ కలిసి పడే అవకాశం 216లో ఒక్కటే. సరే, నీళ్లు లేని ఊరు, ఎండిన పొలాలు అనుకుంటూ పంటల పాచిక వేస్తే వచ్చింది వరి, ఏడాదికి రెండు పంటలు. ఇలా పొసగనిది పడ్డప్పుడు చాలామంది మళ్లీ వేస్తారు. నాకది నచ్చదు. నచ్చింది వచ్చేదాకా వేసేటట్టయితే పాచిక ఎందుకు, సొంతంగా రాసుకోవచ్చు కదా. పూర్తిగా అసంభవమైనదాన్ని పట్టిక రాసేటప్పుడే కొట్టేయాలి. రాసినదాన్ని పడ్డాక ఒప్పుకోవాలి. రెండు పొసగని సంగతులను పక్కపక్కన పెట్టి కాసేపు ఊరుకుంటే మనసు దానంతటదే వాటి మధ్య దారి వెతుకుతుంది. నేనొక్కడినే కూర్చుని కల్పిస్తే రెండు పంటల వరి నాకు తట్టేదే కాదు.

కంప్యూటరు వాళ్లూ ఈ విద్యనే పట్టుకున్నారు. డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ 1984లో తెచ్చిన "ఎలీట్" అనే ఆటలో 8 నక్షత్రమండలాలు, ఒక్కొక్కదానిలో 256 లోకాలు. వాటిని దాచుకునే చోటు ఆనాటి యంత్రానికి లేదు. అందుకని బీజసంఖ్య ఒకటి పెట్టుకుని, అవసరమైనప్పుడల్లా లెక్కగట్టి అదే లోకాన్ని మళ్లీ పుట్టించేవారు. తెలివైన పనే. అయితే దానికి ఎదురుప్రశ్న వేసేవాడు ఎవడూ ఉండడు.

మా గదిలో ఉంటాడు. ఆ ఊరి సంగతి చదివి వినిపించగానే, కాలువ చివరి భూముల నుంచి వచ్చిన మా మిత్రుడొకడు తన మంత్రగాడి పాత్ర పక్కన పెట్టి అడిగాడు: "అది సరేరా, మరి పై ఊళ్లో ఎన్ని పంటలు?"

అది నా పట్టికలో లేదు. అప్పటికప్పుడు ఒక పాచిక వేశాను. 1 పడింది: పంట లేదు, మూడేళ్లుగా బీడు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత మూడు ఆదివారాలు ఆ తూము దగ్గరే గడిచాయి. గుహ ఇంకా అలాగే ఉంది, దాని జోలికి ఎవరూ పోలేదు.