మీకు తెలుసా? ఫిల్టర్ ఉన్నా చేపల తొట్టి నీళ్లు మార్చాల్సిందే!

ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాను నైట్రేట్‌గా మారుస్తుంది; ఆ నైట్రేట్ మాత్రం నీళ్లలోనే పేరుకుంటుంది. అందుకే వారానికోసారి పావువంతు నీళ్లు తోడేయాలి. ఖరీదైన పరికరం అక్కర్లేదు. అడుగు కోసేసిన చిన్న వాటర్ బాటిల్ మూతికి పైపు బిగించి, బాటిల్‌ను తొట్టిలో ముంచి, పైపు నిండా నీళ్లు నింపి, రెండో కొస తొట్టి కన్నా కిందున్న బకెట్లో పెడితే చాలు, నోటితో పీల్చే పనే ఉండదు. వెడల్పైన బాటిల్లో ప్రవాహం నెమ్మదిస్తుంది కాబట్టి మురికి పైకి పోతుంది, గులకరాళ్లు కిందే ఉంటాయి.

కొత్త నీళ్లు కుళాయి నుంచి నేరుగా పోస్తే సరిపోదా అంటారా? మీరు దుబాయ్‌లో ఉంటే అది చేపలకు ప్రమాదం. అక్కడి కుళాయిల్లో వచ్చేది ప్రధానంగా ఉప్పు తీసి, క్లోరిన్ కలిపిన సముద్రపు నీరు. వేసవిలో మిద్దె మీది ట్యాంకుల్లో బాగా వేడెక్కుతుంది కూడా. క్లోరిన్ విరిచే మందు కలిపి, చల్లారాకే పోయండి.