తాతగారి కారుకు కొత్త చెప్పులు

పెద్దాయన పోయాక పదేళ్లుగా షెడ్డులో టార్పాలిన్ కప్పుకుని పడుకున్న అంబాసిడర్. మనవడికి ఉద్యోగం వచ్చింది. పెళ్లి కుదిరింది. ‘తాతయ్య కారులోనే ఊరేగుతా’నన్నాడు. ఇంజిను బాగు చేయించారు, బ్యాటరీ మార్చారు, రంగు వేయించారు. పెళ్లవగానే కొత్త జంటను అదే కారులో శ్రీశైలం పంపాలని నానమ్మ మొక్కు. అంతా అయ్యాక చూస్తే మిగిలింది టైర్లు. ‘అదెంత పని, షాపుకెళ్తే అయిపోతుంది’ అనుకుంటారు ఇంట్లోవాళ్లు. అసలు కథ అక్కడే మొదలవుతుంది!

మార్కాపురంలోనో, గిద్దలూరులోనో టైర్ల షాపు ముందు ఇలాంటి కారు ఆగితే ముందు నలుగురు చుట్టూ మూగుతారు. తర్వాత షాపు కుర్రాడు రిమ్ము వంక చూసి తల గోక్కుంటాడు. ‘ఈ సైజు మా దగ్గర లేదన్నా. ఇన్నోవావి ఉన్నాయి, పట్టేస్తాయి. వేసేయమంటావా?’ అంటాడు. లావుపాటి టైరు, చూడ్డానికి గంభీరంగా ఉంటుంది. ‘వేసెయ్ తమ్ముడూ’ అనేస్తే ఆ పూటకు పనైపోతుంది. కానీ ఆ కారు ఎక్కాల్సింది దోర్నాల ఘాట్.

ఎత్తు కుదిరినా...

బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు ఆధారంగా 1958 నుంచి 2014 దాకా బెంగాల్లోని ఉత్తర్‌పారాలో తయారైంది అంబాసిడర్. పాత మోడళ్ల టైరు మీద 5.90-15 అని ఉంటుంది. టైరు వెడల్పు 5.90 అంగుళాలు, అంటే 150 మిల్లీమీటర్లు. రిమ్ము 15 అంగుళాలు. ఆ రోజుల్లో టైరు గోడ ఎత్తు కూడా ఇంచుమించు వెడల్పంత ఉండేది కాబట్టి దాన్ని విడిగా రాసేవారు కాదు. కొత్త టైర్ల మీద మాత్రం 165/80 R15 అనో, 205/65 R15 అనో ఉంటుంది. మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. గీత తర్వాతది గోడ ఎత్తు, వెడల్పులో ఎన్నో శాతమో చెబుతుంది. ఆర్ అంటే రేడియల్. చివరిది రిమ్ము, అంగుళాల్లో.

ఈ లెక్క తెలిస్తే సగం పని అయిపోయినట్టే. 165లో 80 శాతం 132. కిందా పైనా కలిపి 264. దానికి 15 అంగుళాల రిమ్ము, అంటే 381 మిల్లీమీటర్లు కలిపితే 645. పాత 5.90-15 టైరు మొత్తం ఎత్తు సుమారు 66 సెంటీమీటర్లు. తేడా సెంటీమీటరున్నర. మూడు శాతం లోపు తేడా ఉంటే ఫర్వాలేదంటారు, ఇది ఆ లోపే ఉంది. స్విఫ్ట్‌కు వాడే 185/65 R15 చూడండి. అది 62 సెంటీమీటర్లకు అటూ ఇటూ వస్తుంది. అంటే బండి అడుగు దాదాపు రెండు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. మీటరులో 60 చూపిస్తుంటే నిజంగా వెళ్లే వేగం 57 దాటదు. పల్లె రోడ్డు మీద స్పీడుబ్రేకరు వచ్చిన ప్రతిసారీ సైలెన్సరు గీసుకుంటుంది.

మరి ఇన్నోవా టైరు? 205/65 R15ను ఇదే లెక్కన కొలిస్తే 64.75 సెంటీమీటర్లు. ఎత్తు భేషుగ్గా కుదిరింది! తిరకాసంతా ఇక్కడే ఉంది. ఎత్తు కుదిరింది గానీ వెడల్పు పాతదానికంటే 55 మిల్లీమీటర్లు ఎక్కువ. అందులో సగం లోపలివైపు, సగం బయటికి వస్తుంది. లోపల పట్టీలు, బయట మడ్‌గార్డు రేకు. ఖాళీ కారు షాపు ముందు నిలబడినప్పుడు ఎక్కడా తగలదు. అయిదుగురు కూర్చుని, డిక్కీలో పెట్టెలు సర్ది, గుంతలో దిగినప్పుడు తగులుతుంది.

అంతకంటే పెద్ద సంగతి రిమ్ము వెడల్పు. 205/65 టైరుకు కనీసం అయిదున్నర అంగుళాల వెడల్పున్న రిమ్ము కావాలి. పాత కార్ల రిమ్ములు సన్నటివి. సన్నటి రిమ్ములో లావు టైరును ఇరికిస్తే దాని అంచులు దగ్గరకు నొక్కుకుపోయి, నడినెత్తి ఉబ్బుతుంది. మధ్యలో అరిగిపోతుంది. మలుపు తిరిగేటప్పుడు టైరు ఓ పక్కకు ఒరుగుతుంది. స్టీరింగు తిప్పిన క్షణానికి కాకుండా ఓ క్షణం ఆలస్యంగా బండి తిరుగుతున్నట్టుంటుంది. ఊళ్లో అది తెలియదు. ఓ పక్క కొండ, ఓ పక్క లోయ ఉన్నచోట తెలుస్తుంది. రిమ్ము కొలత సాధారణంగా దానిమీదే అచ్చుగుద్ది ఉంటుంది. తుప్పు గీకి చూడాలి, అంతే.

నల్లమలతో ఆటలా?

పశ్చిమ ప్రకాశం రోడ్ల తీరు వేరు. దోర్నాల దాటాక శ్రీశైలం దాకా సుమారు యాభై కిలోమీటర్లు అడవే. రాత్రిపూట గేటు మూసేసే దారి. గిద్దలూరు నుంచి దిగువమెట్ట మీదుగా నంద్యాల వెళ్లినా నల్లమలను దాటాల్సిందే. వేసవిలో ఇక్కడి ఎండ 44, 45 డిగ్రీలకు చేరుతుంది. పాత పద్ధతి క్రాస్‌ప్లై టైరు రేడియల్ కంటే ఎక్కువ వేడెక్కుతుంది. పైగా రోడ్డుమీద గాళ్లు పడి ఉంటే వాటి వెంట పోతుంది. అందుకే తిరగడానికైతే రేడియలే మేలు. కానీ నాలుగూ ఒకేసారి మార్చాలి. ఒకే ఇరుసుకు ఒకవైపు క్రాస్‌ప్లై, ఒకవైపు రేడియల్ వేస్తే బ్రేకు తొక్కినప్పుడు బండి ఓ పక్కకు లాగుతుంది.

ట్యూబ్‌లెస్ మోజు ఒకటి. పాత రిమ్ముల్లో టైరు అంచును కదలకుండా పట్టి ఉంచే గట్టు ఉండదు. అలాంటి రిమ్ముకు ట్యూబు వేయాల్సిందే. ‘అల్లాయ్ చక్రాలు వేస్తే ఈ గొడవే ఉండదుగా’ అని కుర్రాళ్లు అడుగుతారు. వేయొచ్చు, బోల్టుల కొలత కుదిరితే. నాలుగు బోల్టులుంటే ఎదురెదురు బోల్టుల నడిమి నుంచి నడిమికి కొలవాలి. అయిదుంటే పక్కపక్కనున్న రెండింటి మధ్య దూరాన్ని 1.7తో హెచ్చించాలి. అది ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా సుత్తితో కొట్టి బిగించే పని పెట్టుకోకూడదు. చక్రం బయటికి రావడానికి మధ్యలో బిళ్లలు పెట్టడం ఇంకో ఫ్యాషన్. ఆ బరువంతా బేరింగుల మీద పడుతుంది.

జీపుల సంగతీ ఇంతే. ఆటోలు రాకముందు ఈ ప్రాంతపు పల్లెలను సంతలకూ ఆసుపత్రులకూ చేర్చినవి అవే. ఇప్పుడు వాటికి మళ్లీ ముచ్చట మొదలైంది. పాత మహీంద్రా జీపు టైరు 6.00-16. దాని బదులు 15 అంగుళాల రిమ్ములు తెచ్చి బొలెరోకు వాడే 215/75 R15 వేసేవాళ్లున్నారు. లెక్కన ఎత్తు 70 సెంటీమీటర్లు దాటుతుంది, పాతదానికంటే రెండు మూడు సెంటీమీటర్లు తక్కువ. ఫర్వాలేదు. అయితే ఫోర్‌వీల్ జీపులో ముందో సైజూ వెనకో సైజూ వేస్తే మాత్రం గేర్లు నలిగిపోతాయి.

ఈ సరదా మనవాళ్లకే అనుకోవద్దు. అమెరికాలో 1964లో వచ్చిన పొంటియాక్ జీటీఓ, ఫోర్డ్ మస్టాంగ్ లాంటి ‘మజిల్ కార్ల’ యజమానులకూ ఇదే తలనొప్పి. అప్పట్లో వాటికి వచ్చినవి సన్నటి చిన్న చక్రాలు. ఇప్పుడు పెద్దవి కావాలి, రేకు తగలకూడదు. మన దగ్గర ఆ పేరు తెచ్చుకున్నది 1984 నుంచి 2002 దాకా వచ్చిన కాంటెస్సా. దానికీ లావు చక్రాలు ఎక్కించాలని ఉబలాటపడేవాళ్లు తక్కువేం లేరు.

చట్టం మాటా చూసుకోవాలి. కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. రూపం మారేంత మార్పు తలపెడితే ముందు రవాణా కార్యాలయంలో అడగడం మంచిది.

కొత్తగా కనిపించే ముసలి టైరు

షెడ్డులో ఉన్న కారుతో ఇంకో ప్రమాదం ఉంది. తిరగలేదు కాబట్టి టైరు అరగదు. బట్టన్లు నిండుగా ఉంటాయి. ‘ఇవే చాలు, డబ్బులెందుకు దండగ’ అంటారు పెద్దలు. టైరు గోడమీద డీఓటీ అనే అక్షరాల వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2312 అని ఉంటే 2012లో 23వ వారంలో తయారైందని అర్థం. పదేళ్లు దాటితే బట్టన్ ఎంతున్నా తీసేయమని పేరున్న టైరు కంపెనీలే చెబుతాయి. రబ్బరు లోపల ఎండిపోయి ఉంటుంది. గోడమీద సన్నటి నెర్రెలు కనిపిస్తే ఇక చెప్పేదేముంది! సైజు పక్కనే ఉండే బరువు సంఖ్యనూ చూడాలి. 85 అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోస్తుంది, 91 అంటే 615. పాతదానికంటే తక్కువది తీసుకోవద్దు.

వేయించాక షాపు ముందే ఓ పరీక్ష పెట్టాలి. మనుషుల్ని ఎక్కించి, స్టీరింగును చివరిదాకా ఎడమకూ కుడికీ తిప్పించాలి. టైరుకూ రేకుకూ మధ్య చెయ్యి దూరాలి. తర్వాత ఓ స్పీడుబ్రేకరు మీదుగా మెల్లగా నడిపి, దిగి టైరు భుజాల మీద ఎక్కడైనా గీతలు పడ్డాయేమో చూడాలి.

చాలామంది మరిచిపోయేది స్టెప్నీ. నాలుగు చక్రాలకూ కొత్త సైజు వేయించి, డిక్కీలో పాతది అలాగే ఉంచేస్తారు. నల్లమల మధ్యలో వెనక చక్రం పంచరైతే ఆ ముసలి టైరే దిక్కు. కొత్త చక్రం బోల్టులకు పాత నట్లు పడతాయో లేదో కూడా ఆ చీకట్లో తెలుస్తుంది. అందుకే షాపు కుర్రాడు ‘నాలుగేనా అన్నా?’ అని అడిగినప్పుడు అయిదు అని చెప్పాలి. కాస్త లావుదైనా అంబాసిడర్ డిక్కీలో చోటుకేం కొదవ లేదు.