పొందూరు సన్నఖాదీ: నూలు నంబరు, వడుకు శ్రమ

శ్రీకాకుళం జిల్లా పొందూరులో తయారయ్యే సన్నఖాదీ నాణ్యత మగ్గం మీద కాక, అంతకు చాలా ముందే, పత్తిని శుభ్రపరచే దశలోనే చాలావరకు నిర్ణయమవుతుంది. గింజతో ఉన్న పత్తిని స్త్రీలు వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకపైని సూక్ష్మమైన పళ్లు నలుసులను తొలగించి, పోగులను ఒకే దిశకు సర్దుతాయి. ఆ తరువాతనే గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం, ఒంటి కదురు రాట్నంపై వడకడం. నూరవ నంబరు నూలుకు పొందూరు ప్రసిద్ధి.

నూరవ నంబరు అంటే పౌను బరువుకు 840 గజాల చిలపలు నూరు తూగడం. గ్రాముకు దాదాపు 169 మీటర్ల దారం. నలభయ్యో నంబరులో అది సుమారు 68 మీటర్లే. కాబట్టి బరువును బట్టి కూలి కడితే సన్నగా వడికిన స్త్రీయే నష్టపోతుంది. పొడవును బట్టి కట్టినా, సన్నని పోగు తెగినప్పుడల్లా అతకడానికి పట్టే సమయం లెక్కకు రాదు. నంబరుతో పాటు చిలప ధర కూడా పెరగవలసినది ఇందుకే.

1956 నాటి ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ చట్టం ప్రకారం ఖాదీకి నేతతో పాటు నూలు కూడా చేతితో వడికినదై ఉండాలి. మిల్లు నూలుతో నేసిన బట్ట చేనేతే గాని ఖాదీ కాదు. రాట్నం ఆగినా మగ్గం మిల్లు నూలుతో నడుస్తూనే ఉండవచ్చు. బయటివారికి తేడా తెలియదు. అందువల్ల పొందూరు ఖాదీ స్థితిని అంచనా వేయడానికి మగ్గాల లెక్క చాలదు. తిరుగుతున్న రాట్నాలెన్నో, వాటి ముందు కూర్చున్నవారి వయసెంతో కూడా నమోదు చేయాలి.