పెళ్ళినాటి ప్రొద్దు: జడకెంత, బొట్టుకెంత?

మన యిళ్ళలో పెళ్ళి నిశ్చయమైన మరునాటినుంచే లెక్కలు మొదలవుతవి. బంగారమెంత, బట్టలెంత, హాలు బాడుగెంత అని కాగితాలు నింపుతారు. కాని పెళ్ళినాటి తెల్లవారుజామున ఏ గంటకు ఎవరు తల దువ్వించుకోవాలో మాత్రం ఎవరూ వ్రాసిపెట్టరు. అందుచేతనే పురోహితుడు పిల్లను తీసుకురమ్మని కేక వేసేసరికి లోపల జడ సగం, బొట్టు సగం. ఇక కన్నతల్లి సంగతి చెప్పనక్కరలేదు. రాత్రి వేసుకున్న ముడితోనే కన్యాదానానికి పీటలమీద కూర్చుంటుంది. ఆ ఫోటో మాత్రం నలభై యేళ్ళు గోడమీద వుంటుంది!

వరాలా తలావ్ పరిసరాలలోను, పద్మానగరులోను వున్న మన కుటుంబాలకు మరొక చిక్కు కూడా వున్నది. కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాలనుంచి మగ్గాల పనికి వచ్చిన మన పెద్దల కాలంలో పెళ్ళికూతురికి జడ వేసేది మేనత్తో, పెద్దమ్మో. ఏ తంతు ఎప్పుడు వస్తుందో వారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఇప్పుడు బ్యూటీపార్లరు అమ్మాయి వస్తున్నది. ఆమె మరాఠీ పిల్లో, హిందీ మాట్లాడే పిల్లో అయి వుంటుంది. పనిలో నేర్పరే; కాని మన లగ్గం ఆమెకు తెలియదు. తెలియనిది ఆమె తప్పు కాదు, ముందుగా చెప్పకపోవడం మన తప్పు.

చెప్పవలసినవి ముఖ్యంగా మూడు. మొదటిది, ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టేది నడినెత్తిమీద. అక్కడ జుట్టును ఎత్తుగా లేపి, నగలు గుచ్చి, స్ప్రే కొట్టి గట్టిపరిస్తే వరుడు ఆ ముద్ద ఎక్కడ పెట్టాలి? నడినెత్తి చదునుగా వుండాలి. రెండవది, నుదుట బాసికం కట్టాలి. పాపిడిబిళ్ళ దానికి అడ్డం రాకూడదు, కల్యాణతిలకం చెరగకూడదు. మూడవది, పుస్తె కట్టేవేళ ఆడపడుచు జడను పైకెత్తి పట్టుకుంటుంది. పూలజడను రవికెకు పిన్నులతో బిగించివేస్తే అది పైకి లేవదు. ఈ మూడు మాటలు బయానా యిచ్చేనాడే చెప్పి, ఒకసారి జడ వేయించి చూసుకుంటే పెళ్ళినాడు నిశ్చింత.

ఇక వేళల సంగతి. లెక్క ఎప్పుడూ ముహూర్తంనుంచి వెనక్కు వేయాలి. ముహూర్తం పదిన్నర అనుకుందాం. తొమ్మిదింబావుకు పిల్ల గౌరీపూజకు కూర్చోవాలి. దానికి ముందు అరగంట ఖాళీ వదలాలి. ఆ అరగంటలోనే ఫోటోలు, ఊడిన కొక్కెం, కనపడని గాజుల పెట్టె అన్నీ యిమిడిపోతవి. అంటే ఎనిమిదీ ముప్పావుకు అలంకారం పూర్తికావాలి. చీర, నగలు, పూలజడ బిగింపు కలిసి అరగంట. ముఖానికి గంట. జడకు గంటంబావు. వెరసి రెండు గంటల ముప్పావు. కాబట్టి సరిగా ఆరు గంటలకు దువ్వెన తలమీద పడాలి.

మంగళస్నానం మాత్రం నాలుగున్నరకే ముగియాలి. తడితలమీద వేసిన జడ పట్టు నిలవదు; పూలు పెట్టినాక వాసన కూడా వేస్తుంది. నీలవేణులకు తల ఆరడానికి గంటకు తక్కువ పట్టదు. కరెంటు వున్నా లేకున్నా సాంబ్రాణి ధూపం వుండనే వున్నది. తల ఆరుతుండగానే ఫలహారం, హాలుకు ప్రయాణం కానివ్వవచ్చును. అప్పుడు వేసుకునే రవికె ముందువైపు గుండీలున్నదై వుండాలి. తలమీదుగా తీయవలసిన బట్ట తొడిగితే పడ్డ శ్రమంతా వృథా. మధ్యలో మధుపర్కాల చీర మార్చే ఆచారం వున్నవారు దానికి మరో పావుగంట వ్రాసుకోవాలి.

తక్కిన ఆడవారి మాటేమిటి? తల్లి, అమ్మమ్మ, మేనత్త, అక్క, యిద్దరు చెల్లెళ్ళు అనుకుందాం. ఆరుగురికి తలా అరగంట అంటే మూడు గంటలు. పెళ్ళికూతురిని చూసే చేతులే వీరినీ చూడాలంటే తెల్లవారుజామున మూడింటికే మొదలుపెట్టాలి! అది జరిగే పని కాదు. కాబట్టి రెండవ మనిషి తప్పదు. ఆమె ఐదూ ముప్పావుకు మొదలుపెడితే ఎనిమిదీ ముప్పావుకు ఆరుగురూ సిద్ధం. తొలి వంతు అమ్మమ్మది. ఆమె ఎలాగూ కోడికంటె ముందే లేస్తుంది. రెండవ వంతు తల్లిది. ఇది మాత్రం ఎవరు అడిగినా మార్చరాదు. “నాదేముంది, చివర చూద్దాం” అనే తల్లికి ఆ చివర ఎన్నడూ రాదు. పడుచుపిల్లలు ఆఖరున, వారు తమంతట తామే సగం ముస్తాబై వుంటారు.

ముందురోజుల జాగ్రత్త కూడా కొంత వున్నది. గోరింటాకు రెండు రోజుల ముందు పెట్టుకోవాలి. అది మొదట నారింజరంగులో వుండి, ఒకటి రెండు రోజులలో ముదురుతుంది. గంటలో నల్లగా పండే “కాలీ మెహందీ” జోలికి పోవద్దు. అందులో తలరంగులకు వాడే రసాయనం కలుపుతారు; చేతులు బొబ్బలెక్కిన సందర్భాలు వున్నవి. కొత్త క్రీము ఏదైనా ముందుగా మోచేతి మడతలో కొద్దిగా రాసి రెండు రోజులు చూడాలి. ముఖానికి చేయించే ఫేషియలు వారం ముందే ముగించాలి.

మరొక మాట. పెళ్ళికూతురికి ఉపవాసముంచే యిళ్ళున్నవి. ఆచారాన్ని మేము కాదనము. కాని నాలుగింట లేచిన పిల్ల పదకొండు దాకా బరువైన పూలజడ మోస్తూ, హోమం పొగలో కూర్చోవాలి. పాలు, పండ్లు, మంచినీళ్ళు చాలా ఉపవాసాలకు అడ్డు కావు. పట్టికలో దీనికీ పది నిముషాలు వ్రాయండి.

చివరిగా రంగు విషయం. పిల్ల చామనఛాయ అయితే ఆ ఛాయకు తగిన పూతే వాడించండి. ముఖం తెల్లగా, మెడా చేతులూ వేరుగా వుంటే అది అలంకారం కాదు, వేషం. పిల్ల ఎలా వున్నదో చూసే సంబంధం కుదుర్చుకున్నారు. పెళ్ళినాడు ఆమెను మార్చి చూపవలసిన అవసరమేమి?

బీములో ఒక్క పోగు తెగినా సాంచా ఆపి అతుకు వేసే జాతి మనది. పెళ్ళినాటి ఉదయానికి కూడా అంతటి శ్రద్ధ చాలు. ఒక కాగితం, ఒక పెన్సిలు తీసుకోండి. వేళలు వ్రాసి అద్దం ప్రక్కన అంటించండి. ఆ కాగితాన్ని చూసి అందరినీ పిలిచే పని నిదానస్తురాలైన ఒక్క వదినగారికి అప్పగించండి. పెళ్ళికూతురు తొందరలేకుండా, కళకళలాడుతూ మండపానికి నడిచివస్తుంది. ప్రక్కన తల్లి కూడా తలనిండా పూలతో వుంటుంది.