‘నాన్నతో చెప్పకు!’

డేటింగ్! ఈ మాటకి తెలుగులో సరైన పదం ఉందా చెప్పండి? పెళ్ళిచూపులున్నాయి, తాంబూలాలున్నాయి, ‘ఫలానా వాడితో తిరుగుతోందట’ అనే చెవి కొరుకుడూ ఉంది. పెళ్ళి ఊసు లేకుండా ఇద్దరు ఒకరినొకరు తెలుసుకోవటానికి మాత్రం మనం పేరు పెట్టుకోలేదు. పేరులేని ఆ వ్యవహారం సముద్రాలు దాటిన కుటుంబాల్లో ఎంత పేచీ పెట్టిందో చెప్పే సినిమాలు మాత్రం మనకీ ఉన్నాయి, చైనా వాళ్ళకీ ఉన్నాయి!

వరంగల్ వాళ్ళకి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఇక్కడ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల, కాకతీయ వైద్య కళాశాల రెండూ 1959లోనే వెలిశాయి. 1965లో అమెరికా వలస చట్టం మార్చి చదువుకున్న వాళ్ళకి తలుపులు తెరిచింది. ఇంకేం! డాక్టర్లూ ఇంజనీర్లూ విమానం ఎక్కారు. ఉద్యోగం అక్కడిది, జీతం అక్కడిది. పిల్లల పెళ్ళి మాత్రం ఇక్కడి పద్ధతిలోనే జరగాలి. పేచీ అక్కడే!

జంధ్యాల గారు 1987లో ‘పడమటి సంధ్యారాగం’ తీసింది అలాంటి ఇంటి గురించే. చిత్రీకరణ అమెరికాలోనే జరగటం అప్పట్లో పెద్ద విశేషం. సంగీతం ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. సంధ్యగా విజయశాంతి, తండ్రిగా గుమ్మలూరి శాస్త్రి. సంధ్య మనసుపడిన తెల్లకుర్రాడు క్రిస్‌గా నటించిన థామస్ జేన్‌కి సినిమా విడుదలయ్యేనాటికి నిండా 18 ఏళ్ళు! ఆ కుర్రాడే తర్వాత హాలీవుడ్‌లో ‘ది పనిషర్’ (2004) కథానాయకుడయ్యాడు. మరి మన సినిమాలో? తండ్రి ససేమిరా అంటాడు. కూతురు క్రిస్ చెయ్యే పట్టుకుంటుంది. జంధ్యాల మార్కు నవ్వుల మధ్య ఆ ఇల్లు రెండుగా చీలిపోతుంటే ప్రేక్షకుడికి గుండె కలుక్కుమంటుంది.

సరే, ఇక్కడ పోట్లాట బాహాటంగా జరిగింది. పోట్లాటే లేకపోతే? 1993లో ఆంగ్ లీ తీసిన ‘ది వెడ్డింగ్ బాంక్వెట్’ చూడండి. బెర్లిన్ చిత్రోత్సవంలో స్వర్ణ భల్లూకం పంచుకున్న చిత్రం ఇది. న్యూయార్క్‌లో ఉంటున్న తైవాన్ అబ్బాయి ఓ అమెరికన్ యువకుడితో కాపురం చేస్తుంటాడు. తైవాన్ నుంచి అమ్మానాన్నల పోరు... పెళ్ళి, పెళ్ళి, పెళ్ళి! పోరు పడలేక ఓ అమ్మాయితో ఉత్తుత్తి పెళ్ళికి సిద్ధపడతాడు. తీరా పెద్దవాళ్ళు దిగబడేసరికి అది కాస్తా ఘనమైన విందయి కూర్చుంటుంది. చివరికి నిజం తెలిసిన తల్లి ‘నాన్నతో చెప్పకు’ అంటుంది. ఆ నాన్నకి ఇంగ్లీషు అర్థమవుతుందనీ, అంతా ఎప్పుడో కనిపెట్టాడనీ ఆవిడకి తెలీదు. ఆయన కొడుకు స్నేహితుడి చేతిలో ఎర్ర కవరులో డబ్బులు పెట్టి, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దంటాడు! అందరికీ తెలుసు, ఎవరూ చెప్పుకోరు.

‘నాన్నతో చెప్పకు’... ఈ డైలాగు వినని తెలుగిల్లు ఉందా? అందుకే ఆ చైనా తండ్రి మనకి పక్కింటి మావయ్యలా కనిపిస్తాడు.

అట్లాంటాలో ఇంజనీరు ఉద్యోగం చేసి, దాచుకున్న డబ్బుతో నగేష్ కుకునూర్ తీసిన ‘హైదరాబాద్ బ్లూస్’ (1998) కథని తిరగేసింది. 17 రోజుల్లో, 17 లక్షల్లో పూర్తయిన సినిమా! అమెరికా నుంచి పన్నెండేళ్ళకి ఇంటికొచ్చిన అబ్బాయికి సొంత ఊరే పరాయిదవుతుంది. వాళ్ళు సంబంధాలు చూస్తారు, ఇతను స్నేహం చేసి చూస్తానంటాడు. ఇల్లు ఒకటే, భాషలు రెండు!

2017లో శేఖర్ కమ్ముల ‘ఫిదా’ వచ్చేనాటికి బాన్సువాడ పిల్ల భానుమతి (సాయిపల్లవి) నాన్నని, ఊరిని వదిలి అమెరికా రానని మొండికేసింది. ఊళ్ళో ఎవరినైనా దబాయించే ఈ పిల్ల కూడా మనసులో మాట దగ్గరికొచ్చేసరికి మింగేస్తుంది చూశారూ! ఆ మాట బయటపడటానికి సినిమా అంతా పట్టింది.

ఈ సినిమాల్లో విలన్ పడమటి గాలి కాదు, డేటింగూ కాదు. ఎదుటివాళ్ళు తట్టుకోలేరని మనమే తీర్మానించుకుని దాచిపెట్టే మాటే అసలు విలన్. సంధ్య తండ్రి కోప్పడ్డాడు, నిజమే. కానీ ఆయనకి కూతురు ఎవరో తెలుసు. ఎర్ర కవరు తండ్రికి కొడుకు మీద ప్రేమ ఉంది, ఆ ప్రేమని కొడుకుతో చెప్పే దారే లేదు. రెంటిలో ఏది ఎక్కువ నష్టం?

హన్మకొండలో ఎన్నో ఇళ్ళల్లో ఆదివారం పొద్దున వీడియో కాల్ మోగుతుంది. తిన్నావా, చలెలా ఉంది, వీసా ఏమైంది... అన్నీ అడుగుతారు. అడగాల్సిన ఆ ఒక్కటీ అటూ ఇటూ తప్పించుకుంటారు. ఈ ఆదివారం అడిగి చూడండి. సమాధానం నచ్చకపోయినా సరే, ఫోను మాత్రం పెట్టెయ్యకండి!