మనకెందుకు?

"పట్టపగలు నడిరోడ్డు మీద మనిషిని పొడుస్తుంటే చుట్టూ అంతమంది ఉండి ఒక్కరూ అడ్డం పోరేం?"

ఇలాంటి ఘోరం జరిగిన ప్రతిసారీ టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. జవాబు కూడా ఆయనే చెప్పేస్తాడు: "జనంలో మానవత్వం చచ్చిపోయిందండీ." గ్లాసు కింద పెట్టి వెళ్లిపోతాడు. ఆ జవాబుతో నాకు పేచీ ఉంది. మానవత్వం చచ్చిపోయిందంటే ఇక చేసేదేమీ లేదు కదా! చచ్చినదాన్ని ఎవరు బాగుచేస్తారు?

2022 ఏప్రిల్ 29న గుంటూరు ప్రత్యేక కోర్టు ఒకడికి ఉరిశిక్ష వేసింది. అంతకు ముందు ఏడాది, 2021 ఆగస్టు 15న, ఊరంతా జెండా పండగలో ఉండగా అతను ఒక బీటెక్ విద్యార్థినిని గుంటూరు రోడ్డు మీద కత్తితో పొడిచి చంపాడు. ఆ దృశ్యం సీసీ కెమెరాకు చిక్కి ఫోన్ల నిండా తిరిగింది. తీర్పు చదివి "న్యాయం జరిగింది" అనుకున్న మర్నాడే, ఏప్రిల్ 30 అర్ధరాత్రి, రేపల్లె రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం మీద పిల్లలతో నిద్రపోతున్న ఒక వలస కూలి కుటుంబం మీద ముగ్గురు పడ్డారు. భర్తను కొట్టారు, గర్భిణి అయిన భార్యను ఈడ్చుకుపోయి అత్యాచారం చేశారు. ఆ తరవాత నాలుగో రోజు, మే 4న, హైదరాబాదు సరూర్‌నగర్‌లో ఒక యువకుణ్ణి భార్య కళ్లముందే ఆమె అన్న కొట్టి, పొడిచి చంపాడు. అక్కడున్నవాళ్ల కాళ్లావేళ్లా పడినా ఎవరూ రాలేదని ఆమె విలేకరుల ముందు ఏడ్చింది.

వారం తిరగకుండా మూడుసార్లు ఒకటే ప్రశ్న. జవాబు మాత్రం ఒకటి కాదు.

మొదట గుంపు సంగతి చూద్దాం. ఎక్కువమంది ఉంటే ఎక్కువ సాయం దొరకాలని మన లెక్క. 1968లో అమెరికాలో డార్లీ, లాతానే అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు దీన్ని పరీక్షించారు. విద్యార్థులను వేరు వేరు గదుల్లో కూర్చోబెట్టి మైకులో మాట్లాడుకోమన్నారు. మధ్యలో ఒకతనికి మూర్ఛ వచ్చినట్టు వినిపిస్తుంది. వింటున్నది తను ఒక్కడే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది లేచి పరిగెత్తారు. ఇంకొకరు కూడా వింటున్నారని తెలిసినవాళ్లలో 62 శాతం. ఇంకో నలుగురు వింటున్నారని తెలిస్తే 31 శాతం. కదలనివాళ్లు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారా అంటే, అదీ లేదు. చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. "అతనికి ఎలా ఉంది?" అని తరవాత వాళ్లే ఆత్రంగా అడిగారు. బాధ్యత అనే బరువు ఒక్కడి నెత్తిన పడితే మోస్తాడు, అయిదుగురి నెత్తిన పడితే ఎవరి వాటా ఎంతో ఎవరికీ తెలియదు. రాజుగారు ఊళ్లోవాళ్లందరినీ తొట్టిలో తలో చెంబు పాలు పోయమంటే తెల్లారేసరికి తొట్టినిండా నీళ్లే ఉన్న కథ మనకు కొత్తేమీ కాదు.

రెండోది, జరుగుతున్నది ఏమిటో తేల్చుకోవడం. నేను రేపల్లె పాసింజర్లో చాలాసార్లు తిరిగాను. ఒకసారి వేమూరు దాటాక పెట్టెలో ఒకతను పక్కనున్న అమ్మాయి చెంప మీద కొట్టాడు. అందరం చూశాం, అందరం కిటికీలోంచి బయట చేలవంకా చూడటం మొదలుపెట్టాం. నా పక్కాయన గొణిగాడు: "మొగుడూ పెళ్లాలు అయుంటారండీ, మధ్యలో మనకెందుకు?" నేను తలూపాను. ఆ తలూపడం ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

1976లో షాట్‌లాండ్, స్ట్రా అనే పరిశోధకులు ఈ "అయుంటారు"నే కొలిచారు. ఒక మగవాడు ఒక స్త్రీ మీద దాడి చేస్తున్నట్టు నటింపజేశారు. ఆమె "నువ్వెవరో నాకు తెలియదు" అని అరిస్తే చూసినవాళ్లలో 65 శాతం మంది కలగజేసుకున్నారు. "నిన్నెందుకు పెళ్లి చేసుకున్నానో" అని అరిస్తే 19 శాతమే. దెబ్బలు అవే, మాట మారిందంతే. మన దగ్గర ఆ మాట కూడా అక్కర్లేదు. పక్కపక్కన కూర్చున్న ఆడా మగా కనిపిస్తే చాలు, పెళ్లి మనమే చేసేస్తాం.

ఆ రోజు పెట్టెలో లేచింది ఎవరనుకున్నారు? తలుపు దగ్గర చేపల గంప పెట్టుకుని కూర్చున్న ఒక ముసలామె. "ఏందిరా అబ్బాయ్ ఆ కొట్టడం?" అంది అతనితో. అతన్ని వదిలేసి ఆ పిల్లవైపు తిరిగి, "ఏ ఊరమ్మా నీది?" అని అడిగింది. అంతే. నా పక్కాయన లేచాడు, నేను లేచాను, ఇంకో నలుగురు లేచారు. అప్పటిదాకా ఆరుగురం విడివిడిగా పిరికివాళ్లం. ఆమె ఒక్క ప్రశ్నతో పెట్టె మొత్తం ఆ పిల్ల వైపు చేరిపోయింది.

ఆ ప్రయోగాలను బట్టి జనం ఎప్పుడూ చూస్తూనే ఉంటారనుకుంటే పొరపాటు. ఈ విషయంలో ప్రపంచమంతా చెప్పుకునే కథ 1964 నాటి న్యూయార్క్ హత్య. కిట్టీ జెనోవీస్ అనే యువతిని చంపుతుంటే 38 మంది కిటికీల్లోంచి చూస్తూ ఊరుకున్నారని పత్రిక రాసింది. ఆ కథనం చాలావరకు తప్పని తరవాత తేలింది. పొరుగునున్న సోఫియా ఫారర్ అనే ఆవిడ దిగి వచ్చి, ప్రాణం పోతున్న కిట్టీని చేతుల్లోకి తీసుకుంది. దశాబ్దాలపాటు పాఠ్యపుస్తకాల్లో 38 మందికి చోటు దొరికింది, ఆమెకు దొరకలేదు. ఆమ్‌స్టర్‌డామ్, కేప్‌టౌన్, లాంకాస్టర్ వీధుల్లో సీసీ కెమెరాలకు చిక్కిన 219 గొడవలను పరిశోధకులు పరిశీలించి 2019లో ప్రకటించిన సంగతి ఇంకా గమ్మత్తు. పదింట తొమ్మిది గొడవల్లో కనీసం ఒక్కరైనా అడ్డం వెళ్లారు. అంటే గది లోపల మూర్ఛ శబ్దం విన్నవాళ్ల లెక్క వేరు, వీధిలో ఒకరినొకరు చూసుకోగలిగినవాళ్ల లెక్క వేరు.

ఫోన్లో వీడియో తీసేవాళ్లను మనం తిట్టిపోస్తాం. నేనూ తిట్టాను. కానీ 2017 అక్టోబరులో విశాఖ రోడ్డు పక్క పట్టపగలు ఒక స్త్రీ మీద అత్యాచారం జరుగుతుంటే జనం పక్కనుంచే నడిచిపోయారు. వీడియో తీసి పోలీసులకు చెప్పింది ఒక ఆటో డ్రైవరే. 2021 ఫిబ్రవరిలో పెద్దపల్లి జిల్లాలో న్యాయవాద దంపతులను రోడ్డు మీద నరికినప్పుడు, కొనప్రాణంతో ఉన్న న్యాయవాది నోటి మాట దారినపోయేవాళ్ల ఫోన్లోనే నమోదైంది. కత్తి ముందుకు ఉత్త చేతులతో వెళ్లమని ఎవరూ ఎవరికీ చెప్పలేరు. తీసిన వీడియో పోలీసులకు చేరిందా, వాట్సాప్ గ్రూపుకు చేరిందా అన్నదే నేను అడుగుతాను.

ఇక అసలు భయం కత్తిది కాదు, రేపటిది. "సాక్షి సంతకం పెట్టమంటారు, వాయిదాల చుట్టూ తిరగాలి, వాడు బెయిలు మీద వచ్చి మన ఇంటి ముందు నిలబడతాడు." ఇది పిరికితనం కాదు, అనుభవం. తెనాలి నుంచి బాపట్ల వెళ్లే రైలు దారిలోనే చుండూరు వస్తుంది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను తరిమి చంపారు. విచారణ కోసం ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఏళ్ల తరబడి బోనెక్కి చెప్పిన సాక్షులకు చివరికి మిగిలిందేమిటో ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికి తెలియదు? సాక్షుల రక్షణకు పథకం ఉండాలని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో చెప్పింది. కొత్త నేర ప్రక్రియ సంహితలోనూ ఆ మాట చేరింది. అది మన పోలీసు స్టేషన్ల గడపదాకా దిగిరావాలి.

ఇంతవరకు చెప్పినవన్నీ పుస్తకాల్లో దొరికేవే. నాకు అర్థమైనంతలో మన దగ్గర గుట్టంతా "మనకెందుకు" అనే మాటలోని మొదటి సగంలో ఉంది. మనకు అంటే ఎవరికి? ఇంగ్లండులో 2005లో ఒక ప్రయోగం చేశారు. మాంచెస్టర్ యునైటెడ్ అభిమానుల ముందు ఒకతను జారిపడి కాలు పట్టుకుంటాడు. ఒంటి మీద తమ జట్టు చొక్కా ఉంటే ఎక్కువమంది ఆగి లేపారు. ఎదుటి జట్టు చొక్కా ఉంటే చాలామంది దాటిపోయారు. ఇంకో విడతలో అదే జట్టు అభిమానులకు ముందుగా "మీరంతా ఫుట్‌బాల్ ప్రియులు" అని గుర్తుచేస్తే ఎదుటి జట్టువాణ్ణీ లేపారు. చొక్కా మారలేదు, "మన" అనే గీత కాస్త జరిగిందంతే.

మన ఊళ్లలో ఆ గీత ఊరికీ దళితులుండే పల్లెకూ మధ్య గీసి ఉంది. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న కారంచేడులో 1985 నాటి మారణకాండ ఎలా మొదలైంది? తాగునీటి చెరువు దగ్గర, నీళ్లు పాడుచేయొద్దన్న ఒక దళిత కుర్రాణ్ణి కొడుతుంటే, నీళ్లకొచ్చిన ఒక యువతి అడ్డం వెళ్లింది. తనమీదికి వచ్చినవాళ్లకు చేతిలోని బిందె ఎత్తి చూపింది. మర్నాడు, జులై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. అడ్డం వెళ్లడానికి మనుషులు లేక కాదు. అడ్డం వెళ్లినవాళ్లకు ఎవరు తోడు నిలిచారన్నదే అక్కడ ప్రశ్న.

తెనాలిలో 2013 ఏప్రిల్‌లో కూతుర్ని అల్లరి పెడుతున్న తాగుబోతు కుర్రాళ్లను నిలదీసిన తల్లి లారీ కింద పడి చనిపోయింది. రేపల్లెకు దగ్గరలోని చెరుకుపల్లి మండలంలో 2023 జూన్‌లో, అక్కను వేధించొద్దన్నందుకు పదో తరగతి పిల్లవాణ్ణి పెట్రోలు పోసి తగలబెట్టారు. అడ్డం వెళ్లింది తల్లి, తమ్ముడు. మిగతా ఊరు ఎవరి తాలూకు?

రేపల్లె స్టేషన్‌లో గుంపే లేదు. ఆ భర్త సాయం కోసం రైల్వే పోలీసుల దగ్గరికే పరిగెత్తాడు. అక్కడ పలికే దిక్కు లేదన్నాడు. చీకట్లో ఊరి పోలీసు స్టేషన్ వెతుక్కుంటూ వెళ్లి చెబితే వాళ్లు వచ్చారు, నిందితులు గంటల్లో దొరికారు. ఇది జనం మనస్తత్వం కాదు, రాత్రిపూట మనిషి ఉండాల్సిన చోట మనిషి లేకపోవడం. దీన్ని కూడా "మానవత్వం చచ్చిపోయింది" ఖాతాలో రాసేస్తే డ్యూటీలో ఉండాల్సినవాళ్లు హాయిగా తప్పించుకుంటారు.

మరి ఎలా? ఆపదలో ఉన్నది మీరే అయితే "ఎవరైనా రండి" అని అరవకండి. ఆ "ఎవరైనా" అనేవాడు ఎప్పుడూ రాడు. ఒక్కణ్ణి వేలెత్తి చూపండి: "నీలం చొక్కా అన్నా, 112కి ఫోన్ చెయ్యి. నువ్వే అన్నా." బస్సు ఏ ఊరు వెళ్తుందని అడగడానికి కూడా అన్నా, అక్కా, బాబాయ్ అని పిలిచే భాష మనది. దాన్ని ప్రాణం మీదికొచ్చినప్పుడు వాడుకోవాలి. కొట్టేవాడు పరాయివాడైతే ఆ మాట గట్టిగా చెప్పండి, పెళ్లి చేసేవాళ్ల నోరు మూతపడుతుంది. చూస్తున్నది మీరైతే ఒంటరిగా దూకొద్దు. పక్కవాడి భుజం తట్టి "నువ్వు ఫోన్ చెయ్యి, నేను కేకేస్తా" అనండి. దుకాణం షట్టరు సగం ఎత్తి లోపలికి రానివ్వడం కూడా సాయమే. ఇంకొకరి ప్రాణాన్ని కాపాడటానికి తగినంత బలం వాడే హక్కు భారతీయ న్యాయ సంహిత 35వ సెక్షన్ ఇస్తుంది. కళ్లముందు ఘోర నేరం చేసినవాణ్ణి మామూలు మనిషి కూడా పట్టుకుని ఆరు గంటల లోపు పోలీసులకు అప్పగించవచ్చు.

"ఏ ఊరు?" అన్న ప్రశ్న మన దగ్గర కులం ఆరా తీయడానికే ఎక్కువ పనికొచ్చిందన్న సంగతి నాకు తెలుసు. ఆ చేపల ముసలమ్మ దాన్ని వేరే పనికి వాడింది. ఈసారి రేపల్లెలో రాత్రి బండి దిగి ఇంటికి పోయేటప్పుడు, ప్లాట్‌ఫారం మీద పిల్లలతో ఒదిగి పడుకున్న కుటుంబం కనిపిస్తే, ఒక్క నిమిషం ఆగి "ఏ ఊరమ్మా మీది? పొద్దున బస్సుకా?" అని అడిగి వెళ్లండి.