ఇంట్లో కుక్కపిల్ల, కార్పెట్‌లో ఫ్లీలు

అమెరికాలో పిల్లలున్న తెలుగు ఇళ్ళలో ఏదో ఒకనాడు వినపడే మాట "మనమూ ఒక కుక్కపిల్లని తెచ్చుకుందాం డాడీ" అన్నది. రెండు మూడేళ్ళు వాయిదాలు వేసి, మార్కులతో ముడిపెట్టి, చివరికి ఒప్పుకుంటాం. పిల్లలు దానికి లడ్డూ అనో జున్ను అనో పేరు పెట్టేస్తారు. అంతా బాగానే ఉంటుంది. ఆ తరువాత ఒక వేసవిలో అది రాత్రంతా గోక్కోవడం మొదలు పెడుతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మగారి చీలమండల చుట్టూ ఎర్రటి దద్దుర్లు తేలతాయి. పాకే పసిబిడ్డ ఉన్న ఇల్లయితే ఇక చెప్పనక్కర లేదు. వారం తిరక్కుండానే పెద్దల తీర్పు వచ్చేస్తుంది: "ఈ కుక్కని ఎవరికైనా ఇచ్చేయండి."

ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకున్నట్టు, ఫ్లీల బాధకు కుక్కని షెల్టర్‌లో వదిలి వచ్చిన కుటుంబాలు మా ఎరికలో ఉన్నాయి. కుక్క వెళ్ళిపోయాక ఇంట్లో పిల్లల ఏడుపు మిగిలింది, ఫ్లీలూ మిగిలాయి. పైగా అంతవరకూ కుక్కని కుట్టినవి ఇప్పుడు మనుషుల్ని కుట్టాయి. అలా ఎందుకు జరుగుతుందో చెప్పడానికే ఈ వ్యాసం. మేము వెటర్నరీ డాక్టర్లం కాము, కుక్కలూ పిల్లులూ ఉన్న బడి వాలంటీర్లం. వృత్తిరీత్యా బగ్స్‌తో రోజూ కుస్తీ పట్టేవాళ్ళమే కాబట్టి ఆ మాత్రం అర్హత ఉందనుకుంటున్నాం.

ముందుగా ఫ్లీ అంటే ఏమిటో చూద్దాం. మన ఊళ్ళలో గేదెలకీ కుక్కలకీ పట్టుకుని రక్తం తాగి ఉబ్బే పిడుదులు మనకి తెలుసు. కొన్ని వైపుల వాటినే గోమార్లు అంటారు. వాటికి ఎనిమిది కాళ్ళు, ఇక్కడ వాటిని టిక్స్ అంటారు. ఫ్లీ వేరు. దీనికి ఆరు కాళ్ళు, రెక్కలు ఉండవు, నువ్వుగింజ కంటే చిన్నగా, ముదురు గోధుమరంగులో, రెండు పక్కల నుంచీ నొక్కినట్టు పలచగా ఉంటుంది. అందుకే వెంట్రుకల మధ్య నుంచి సులువుగా జారిపోతుంది. పట్టుకోబోతే ఎగిరి గంతేస్తుంది. దాని గంతు రహస్యం కాళ్ళ కండల్లో కాక, ఒంట్లో రెసిలిన్ అనే రబ్బరులాంటి పదార్థంలో ఉంది. దాన్ని స్ప్రింగులా నొక్కి పెట్టి ఒక్కసారిగా వదులుతుంది. పిల్లల సైన్స్ ప్రాజెక్టుకి పనికొచ్చే విషయం!

ఇంకో సంగతి. కుక్క మీద ఉన్నా సరే, ఈ దేశంలో ఇళ్ళలో కనిపించేది ఎక్కువగా పిల్లి ఫ్లీ అనే జాతే. అంటే ఇంట్లో కుక్కా పిల్లీ రెండూ ఉంటే, ఒక్కదానికే మందు వేసి ప్రయోజనం లేదు. మనుషుల మీద మాత్రం ఇది కాపురం పెట్టదు. కుట్టి వెళ్ళిపోతుందే తప్ప పేనులా పిల్లల తలలో చేరదు. ఆ భయం అమ్మమ్మలకీ నానమ్మలకీ అక్కరలేదు.

ఇక అసలు విషయం. కుక్క మీద కనిపించే ఫ్లీలు మొత్తం సంతతిలో చాలా చిన్న భాగం. సుమారుగా చెప్పే లెక్క ఏమిటంటే, వందలో 5 మాత్రమే పెద్ద ఫ్లీలు, 50 గుడ్లు, 35 లార్వాలు, 10 ప్యూపాలు. ఆ 95 ఉండేది కుక్క మీద కాదు, మన కార్పెట్‌లో, సోఫా సందుల్లో, కుక్క పడుకునే పక్కలో.

ఆడ ఫ్లీ కుక్క మీదికి ఎక్కిన కొద్ది నిమిషాల్లోనే రక్తం తాగడం మొదలు పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పెడుతుంది, రోజుకి 40 వరకూ. పేను ఈపిలా ఈ గుడ్డు వెంట్రుకని అంటుకుని ఉండదు. ఉప్పు రవ్వలా జారి, కుక్క ఎక్కడ తిరిగితే అక్కడ రాలుతుంది. పది ఆడ ఫ్లీలు, రోజుకి 40 చొప్పున, ఒక నెలకి 12,000 గుడ్లు. అందులో సగానికి సగం పోయినా మిగిలినవి చాలు మన ప్రాణం తీయడానికి. గుడ్డు నుంచి వచ్చే లార్వా సన్నటి తెల్లటి పురుగు. దానికి వెలుతురు గిట్టదు, కార్పెట్ నూలు అడుగుకి దిగిపోతుంది. దాని ఆహారం పెద్ద ఫ్లీలు విసర్జించిన ఎండు రక్తం. గాలిలో తేమ 50 శాతం కంటే తగ్గితే ఇది బతకడం కష్టం. మన హ్యూస్టన్‌లో తేమకి కరువేముంది! మన ఊళ్ళలో నాపరాళ్ళ నేల రోజూ ఊడ్చి తడిబట్ట పెట్టేవాళ్ళు. లార్వా దాక్కోవడానికి అక్కడ చోటు తక్కువ. ఇక్కడ గోడ నుంచి గోడ దాకా కార్పెట్ పరిచి మనమే వసతి ఏర్పాటు చేశాం.

లార్వా చివరికి పట్టుగూడు అల్లుకుని ప్యూపా అవుతుంది. ఆ గూడు జిగురుగా ఉండి చుట్టూ ఉన్న దుమ్మునీ నూలునీ అంటించుకుంటుంది. వాక్యూమ్‌కి సులభంగా రాదు, ఏ స్ప్రే కూడా లోపలికి సరిగా దిగదు. లోపల తయారైన ఫ్లీ వెంటనే బయటికి రావాలని కూడా లేదు. నేల అదరడం, వెచ్చదనం, మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్, ఇవి తగిలినప్పుడు "ఎవరో వచ్చారు" అని గ్రహించి బయటికి వస్తుంది. అంతవరకూ నెలల తరబడి కాచుకుని ఉండగలదు.

వేసవి సెలవుల్లో ఐదారు వారాలు ఇండియా వెళ్ళి వచ్చేవాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది. కుక్క బోర్డింగ్‌లో ఉంటుంది, ఇంటికి తాళం. తిరిగి వచ్చి సూట్‌కేసులు ఈడ్చుకుంటూ హాల్లో అడుగు పెట్టగానే తెల్ల సాక్సుల నిండా నల్లటి చుక్కలు! ఖాళీ ఇంట్లోకి ఫ్లీలు ఎక్కడి నుంచి వచ్చాయని ఆశ్చర్యపోతాం. అవి ఎక్కడి నుంచీ రాలేదు, మన అడుగుల చప్పుడు కోసం ఎదురు చూస్తున్నాయి అంతే. కుక్కని ఇచ్చేసిన ఇంట్లో జరిగేదీ ఇదే.

చాలామంది ఓడిపోయేది కూడా ఇక్కడే. కుక్కకి మందు వేస్తారు, ఇల్లంతా శుభ్రం చేస్తారు, వారం హాయిగా గడుస్తుంది. రెండో వారమో మూడో వారమో మళ్ళీ ఫ్లీలు కనిపిస్తాయి. మందు పనిచెయ్యలేదని వదిలేస్తారు, లేదా వేరే మందు కొని దాని మీద వేస్తారు. నిజానికి మందు పనిచేస్తూనే ఉంది. కొత్తగా కనిపించేవి పాత గూళ్ళలోంచి వస్తున్నవి. అవి కుక్క మీదికి ఎక్కి, గుడ్లు పెట్టే లోపే చావాలి. ఇల్లు పూర్తిగా ఖాళీ కావడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. అన్నాళ్ళూ నెల నెలా తేదీ తప్పకుండా, ఇంట్లో ఉన్న ప్రతి కుక్కకీ పిల్లికీ మందు పడవలసిందే.

ఫ్లీలు ఉన్నాయో లేవో అనుమానంగా ఉంటే, మన పేల దువ్వెన లాంటి ఫ్లీ దువ్వెనతో తోక మొదట్లో దువ్వి, రాలిన నల్లటి నలుసుల్ని తడి కాగితం మీద వేసి చూడండి. ఎర్రగా కరిగితే అది ఫ్లీ విసర్జించిన రక్తమే. పిల్లి తన ఒళ్ళు తనే నాకి శుభ్రం చేసుకుంటుంది కాబట్టి దాని మీద ఫ్లీ కనిపించకపోయినా ఉండవచ్చు.

మందుల విషయంలో ఒక్కటి మాత్రం ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. కుక్కల మందు పిల్లికి వేయకండి. కుక్కల కోసం అమ్మే కొన్ని మెడ మీద చుక్కల మందుల్లో పర్మెత్రిన్ ఉంటుంది. కుక్క దాన్ని తట్టుకుంటుంది. పిల్లి శరీరం దాన్ని విరగ్గొట్టలేదు. ఒళ్ళు వణకడం, ఫిట్స్ రావడం, ప్రాణం పోవడం కూడా జరుగుతుంది. "పిల్లి చిన్నది కదా, సగం వేద్దాం" అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. కుక్కకి వేసినా మందు ఆరే దాకా పిల్లిని దాని దగ్గరికి రానివ్వకండి. పొరపాటున పిల్లికి తగిలి వణుకు కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకుండా ఎమర్జెన్సీ వెట్ దగ్గరికి తీసుకెళ్ళండి.

మిగిలిన మందుల గురించి క్లుప్తంగా. ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ ఉన్న చుక్కల మందులు చీటీ లేకుండానే దొరుకుతాయి. నెక్స్‌గార్డ్, బ్రావెక్టో లాంటి నమిలే మాత్రలకి వెట్ చీటీ కావాలి, అవి బాగా పనిచేస్తాయి. ఈ వర్గం మందులతో కొన్ని జంతువులకి వణుకు, ఫిట్స్ రావచ్చని ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. మీ కుక్కకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే వెట్‌కి ముందే చెప్పాలి. లేబుల్ మీద వయసూ బరువూ చూడకుండా ఏదీ వేయకూడదు.

మన వంటింటి వైద్యం సంగతి కూడా చెప్పుకోవాలి. కుక్క అన్నంలో వెల్లుల్లి కలపమని ఎవరైనా చెబితే వినకండి. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకీ పిల్లులకీ విషం, ఎర్ర రక్తకణాలని దెబ్బతీస్తాయి. కలరా ఉండలు, కర్పూరం కూడా వాటికి ప్రమాదమే, పసిపిల్లలకీ అంతే. వేప మీద మాకూ గౌరవం ఉంది, కానీ కార్పెట్ అడుగున గూడు కట్టుకున్న ప్యూపాని వేపాకు ఏమీ చేయలేదు. షాంపూ స్నానం ఆ రోజు ఒంటి మీదున్న వాటిని తగ్గిస్తుంది. మర్నాడు కార్పెట్ నుంచి కొత్తవి ఎక్కుతాయి.

ఇంటికి అన్నిటికన్నా మంచి మందు వాక్యూమ్ క్లీనర్. ఓహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2007లో ప్రచురించిన పరిశోధనలో, వాక్యూమ్‌లోకి లాగబడిన పెద్ద ఫ్లీలు సగటున 96 శాతం, లార్వాలూ ప్యూపాలూ అన్నీ చచ్చిపోయాయి. కాబట్టి సంచీలోంచి మళ్ళీ పాకి వస్తాయని కంగారు పడనక్కర లేదు. పైగా వాక్యూమ్ అదురుకి ప్యూపాలు మేలుకుని బయటికి వస్తాయి. అది మనకి మంచిదే, బయటికి వచ్చినవాటిని మందు చంపగలదు. మొదటి రెండు మూడు వారాలు వీలైతే రోజూ, సోఫా కిందా, దిళ్ళ సందుల్లో, గోడ అంచుల వెంట, కారులో కుక్క కూర్చునే చోటా పట్టించండి. కుక్క పక్క బట్టల్ని వారానికోసారి వేడి నీళ్ళలో ఉతికి డ్రయ్యర్‌లో వేయండి.

ఇంటి స్ప్రే కొనేటప్పుడు మెథోప్రీన్ కానీ పైరిప్రాక్సీఫెన్ కానీ ఉన్నది చూసి కొనండి. ఇవి గుడ్లూ లార్వాలూ పెద్దవి కాకుండా ఆపుతాయి. స్ప్రే చేసి అది ఆరే దాకా పిల్లల్ని, కుక్కని అటు రానివ్వకూడదు. చేపల తొట్టె ఉంటే మూసి, గాలి పంపు ఆపాలి. గది మధ్యలో పెట్టి వదిలే ఫాగర్లు, అంటే బాంబులు, మాకు నచ్చవు. ఆ పొగ పైకి లేచి కింద పడుతుందే గాని సోఫా కిందికి వెళ్ళదు, ఫ్లీలు ఉండేది అక్కడే. స్టవ్ దగ్గర పైలట్ మంట వెలుగుతుంటే నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

పెరట్లో ఎండ పడే పచ్చికని గురించి దిగులు పడకండి. డెక్ కింద, పొదల కింద, నీడా తేమా ఉన్న చోట్లే చూడాలి. పోసమ్‌లు, రకూన్‌లు, వీధి పిల్లులు ఫ్లీలని తెచ్చి అక్కడ దింపుతాయి. రాత్రిళ్ళు కుక్క తిండి గిన్నె బయట వదలకపోతే వాటి రాకపోకలు తగ్గుతాయి.

ఆరోగ్యం మాటకొస్తే, ఒళ్ళు కొరుక్కుంటూ ఫ్లీని మింగిన కుక్కకి టేప్‌వర్మ్ వస్తుంది. తోక దగ్గర బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే అదే. పసిపిల్లలు పొరపాటున ఫ్లీని మింగితే వాళ్ళకీ రావచ్చు, అరుదుగానే. టెక్సాస్‌లో, దక్షిణ కాలిఫోర్నియాలో, హవాయిలో ఫ్లీల వల్ల మ్యూరిన్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. ఫ్లీలున్న ఇంట్లో ఎవరికైనా గట్టి జ్వరం, తలనొప్పి, ఒంటి మీద దద్దుర్లు వస్తే డాక్టరుకి ఫ్లీల సంగతి కూడా చెప్పండి. దానికి డాక్సీసైక్లిన్ అనే మంచి మందు ఉంది, కానీ డాక్టరుకి ఆ అనుమానం రావాలి కదా.

ఈ వేసవిలో ఇండియా వెళ్ళేవాళ్ళకి ఇంకొక్క మాట. ప్రయాణానికి ముందు రోజు ఇల్లంతా వాక్యూమ్ చేయండి. కుక్క మందు తేదీ మీరు లేనప్పుడు వచ్చేట్టుంటే, ఆ మోతాదు బోర్డింగ్ వాళ్ళ చేతికిచ్చి తేదీ కాగితం మీద రాయండి. తిరిగి వచ్చిన రోజున కుక్కని వెంటనే ఇంటికి తేకండి. ముందు ఒకరు బూట్లు వేసుకుని లోపలికి వెళ్ళి, గది గదికీ వాక్యూమ్ పట్టించాలి. జెట్‌లాగ్ వల్ల తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది కాబట్టి పని ఎవరు చేయాలన్న తగువు కూడా ఉండదు.